వీడియో ఆటలు – యువతలో హింస: ఒక పరిశీలన

రామచంద్రపురంలో నేను పాఠం చెప్పే బడిలో రెండేళ్ళ క్రితం తొమ్మిదో తరగతి పిల్లలిద్దరు కొట్టుకున్నారు. ఒకడి నుదురు చిట్లింది. కొట్టినవాడి తండ్రిని పిలిపిస్తే, "ఇదంతా ఆ తుపాకుల ఆట మూలానేనండి మాస్టారూ, రాత్రుళ్ళు ఫోను వదలడండి" అన్నాడు. నేనూ అవునని తలూపాను. వారం తర్వాత తెలిసింది: దెబ్బతిన్న కుర్రాడు కొన్నాళ్ళుగా వాణ్ణి కులం పేరుతో వెక్కిరిస్తున్నాడు. నేనెందుకు అంత తొందరగా తలూపానన్నదే ఈ వ్యాసానికి మూలం.

వీడియో ఆటలే పిల్లల్ని హంతకుల్ని చేస్తాయన్న వాదం 1999లో అమెరికాలో కొలంబైన్ పాఠశాల కాల్పుల తర్వాత బలపడింది. హింసాత్మకమైన ఆటలు పిల్లలకు అమ్మరాదంటూ కాలిఫోర్నియా చేసిన చట్టాన్ని అక్కడి సుప్రీంకోర్టు 2011లో కొట్టివేసింది. హింసకు ఆటే కారణమని ఆ పరిశోధనలు రుజువు చేయలేదని చెప్పింది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం 2020లో చేసిన తీర్మానంలో రెండు మాటలున్నాయి. అరుపులు, తోపులాటల వంటి దుడుకుతనానికీ ఈ ఆటలకూ కొద్దిపాటి సంబంధం ఉందన్నది ఒకటి. హింసాత్మక నేరాలకు ముడిపెట్టడానికి తగిన ఆధారాలు లేవన్నది రెండోది. ఒక పక్షం మొదటి మాటనే వింటుంది, రెండో పక్షం రెండో మాటనే వింటుంది. రెండూ కలిపి చదవడమే శాస్త్రీయ దృక్పథం.

మన దేశంలో 2019 మార్చిలో రాజ్‌కోట్ పోలీసులు పబ్‌జీని నిషేధించి, ఆడిన కుర్రాళ్ళను అరెస్టు చేశారు. 2020 సెప్టెంబరులో కేంద్రమే దాన్ని నిషేధించింది. అందుకు చెప్పిన కారణం పిల్లల మనసులు కావు, దేశభద్రత. 2021లో అదే ఆట పేరు మార్చుకొని తిరిగొచ్చింది.

ఇక మన చుట్టుపక్కల చూద్దాం. 2022 మే 24న అమలాపురంలో, కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ సాగిన ప్రదర్శన విధ్వంసంగా మారింది. మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు తగలబడ్డాయి. ఆ గుంపులో కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ జేబుల్లో ఫోన్లూ ఉన్నాయి. అయితే వాళ్ళను వీధిలోకి తెచ్చింది ఆట కాదు, ఒక పేరు మీది ద్వేషం. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో దళితులను చంపినవాళ్ళు ఏ వీడియో ఆటలో తర్ఫీదు పొందారు? సంక్రాంతికి కోడికాలికి కత్తి కట్టి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకొని పందెం కాసే మనం, తెరమీది నెత్తురుకు మాత్రం ఉలిక్కిపడతాం.

అంతమాత్రాన ఆటలు నిర్దోషులని నేననడం లేదు. ఎదుటివాడికి ఊరూ తల్లీ లేకుండా చేసి, చంపడాన్ని లెక్కగా మార్చే వినోదం విమర్శకు అతీతం కాదు. పిల్లవాడి నిద్రా సమయమూ కంపెనీకి సరుకు. ఆట వ్యసనంగా మారే స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రుగ్మతల జాబితాలో చేర్చింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. ఈ నష్టాలు నిజమైనవి. కాని ఇవి హత్యల లెక్కలోకి రావు. వ్యసనానికి వేసే మందు కులద్వేషానికి పనిచేయదు.

చలం పుస్తకాలు చదివితే పిల్లలు చెడిపోతారని ఒకప్పుడు ఇళ్ళలో దాచారు. తర్వాత ఆ నింద సినిమా మోసింది, ఇప్పుడు ఆట మోస్తోంది. నింద మోసేది ఒకటి దొరికితే ఇంటినీ బడినీ ఊరినీ ప్రశ్నించే పని తప్పుతుంది. ఆ రోజు నేను తలూపింది అందుకే.

తర్వాత ఆ ఇద్దరినీ, ఇద్దరి తండ్రులనూ కూర్చోబెట్టి మాట్లాడాను. ఫోను గురించి పది నిమిషాల్లో ఒప్పందం కుదిరింది. ఆ వెక్కిరింత ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే మాత్రం పిల్లవాడు తండ్రి వైపు చూశాడు. తండ్రి తల దించుకున్నాడు.