బొమ్మ జుట్టు చెప్పే కథ

సంక్రాంతికో, దసరాకో మనవాళ్ళు ఇళ్ళలో బొమ్మల కొలువు పెడతారు. బ్రాంప్టన్‌లో ఉన్న తెలుగువారి కొలువులో కొండపల్లి బొమ్మ పక్కన బార్బీ బొమ్మ కూడా కనిపించవచ్చు. ఆ రెండు బొమ్మల జుట్టును ఎప్పుడైనా పోల్చి చూశారా?

కొండపల్లి బొమ్మను తెల్లపొణికి అనే తేలికైన చెక్కతో చేస్తారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో దాని భాగాలను అతికి, రంగులు వేస్తారు. బిందె మోసే పల్లెపడుచు బొమ్మకు నల్లని కొప్పు ఉంటుంది. మీ తాతమ్మ చిన్నతనంలోనూ ఆ బొమ్మకు అదే కొప్పు, నేడూ అదే. అది తరతరాల పల్లె జీవితాన్ని చూపే బొమ్మ.

ఫ్యాషన్ బొమ్మ సంగతి వేరు. అది ఏ ఏటి సింగారం ఆ ఏడే చూపాలి. మన పొరుగున ఉన్న టొరంటోలోనే ఇందుకు మంచి ఉదాహరణ ఉంది. కెనడాకు చెందిన బార్బరా ఆన్ స్కాట్ 1948 ఒలింపిక్ క్రీడలలో ఫిగర్ స్కేటింగ్‌లో స్వర్ణపతకం గెలుచుకుంది. టొరంటోలోని రిలయబుల్ కంపెనీ ఆమె పేరుతో బొమ్మను తయారుచేసింది. రంపపు పొట్టు, జిగురు కలిపిన ముద్దతో చేసిన బొమ్మ అది. అంటే మన మక్కుకు దగ్గరి చుట్టమే! మేక ఉన్నితో చేసిన జుట్టును దాని తలకు అతికించేవారు.

తరువాత మెత్తని ప్లాస్టిక్ వచ్చింది. కృత్రిమ దారాలను యంత్రంతో బొమ్మ తలలోనే కుట్టడం సాధ్యమైంది. ఒంటి అచ్చు మార్చాలంటే చాలా ఖర్చు. జుట్టూ, ముఖం మీది రంగులూ మార్చడం తేలిక. అందుకే కొత్త ఫ్యాషన్ ముందుగా బొమ్మ తలమీదికి ఎక్కేది.

1959 మార్చి 9వ తేదీన న్యూయార్కు ఆటబొమ్మల ప్రదర్శనలో రూత్ హాండ్లర్ అనే ఆమె బార్బీ బొమ్మను ప్రవేశపెట్టింది. నుదుటిమీద ఉంగరాల ముంగురులు, వెనుక గుర్రపుతోక జుట్టు, ఓరచూపు — ఇవీ దాని గుర్తులు. 1961లో పొట్టిగా కత్తిరించి ఉబ్బుగా దువ్విన జుట్టు వచ్చింది. ఆ రోజుల్లో ఎందరో స్త్రీలు అలాగే దువ్వుకొనేవారు. 1963లో ఒక బార్బీ మూడు సవరాల టోపీలతో వచ్చింది. 1971లో పొడవైన తిన్నని జుట్టూ, ఎండకు కమిలిన మేనూ అందమయ్యాయి. బొమ్మ చూపు కూడా ఓరగా కాక ఎదుటికి నిలిచింది. 1992 నాటి బార్బీ జుట్టు పాదాల దాకా పెరిగింది! అటువంటి బొమ్మలు కోటికి పైగా అమ్ముడుపోయాయి.

ఇన్ని మారినా, చాలాకాలం ఒకటి మారలేదు. అంగళ్ళలో ముందువరుసలో నిలిచినది తెల్లని మేను, పసుపుపచ్చని జుట్టు గల బొమ్మే. ఇది చిన్న విషయమా? కాదు. 1940 ప్రాంతంలో అమెరికాలో కెన్నెత్ క్లార్కు, మామీ క్లార్కు దంపతులు నల్లజాతి పిల్లలకు బొమ్మలు చూపించారు. ఆ బొమ్మలన్నీ ఒకే తీరువి. రంగు మాత్రమే వేరు. “మంచి బొమ్మ ఏది?” అని అడిగితే, ఎక్కువమంది పిల్లలు తెల్లబొమ్మనే చూపారు. తమ రంగునే తాము తక్కువగా చూసుకోవడం వారికి ఎవరు నేర్పారు? 1954లో అమెరికా సుప్రీంకోర్టు బడులలో జాతిభేదం చెల్లదని తీర్పు చెప్పినప్పుడు, ఈ పరిశోధన కూడా ఆ వ్యాజ్యంలో సాక్ష్యమైంది.

1980లో బార్బీ పేరుతోనే నల్లని బొమ్మ వచ్చింది. దాన్ని రూపొందించినది కిట్టీ బ్లాక్ పెర్కిన్స్ అనే నల్లజాతి మహిళ. 2016లో పొట్టి, పొడుగు, బొద్దు ఆకారాల బొమ్మలూ, పలు మేనిఛాయలూ వచ్చాయి.

దీనినిబట్టి మనం తెలుసుకోవలసినది ఏమిటి? అందానికి కొలత ఒక్కటే కాదు. అది ఏటేటా మారుతుంది, దానిని మార్చేది మనుషులే. కాబట్టి బొమ్మకు పసుపు జుట్టు ఉన్నదని మీ నల్లని జడ చూసి చిన్నబుచ్చుకోకండి. బొమ్మతో చక్కగా ఆడుకోండి. దానితో పోల్చుకొని మిమ్మల్ని మీరు కొలుచుకోకండి.

ప్రశ్నలు

1. ఫ్యాషన్ బొమ్మలో ఒంటికన్న జుట్టు త్వరగా మారడానికి కారణమేమి?
2. క్లార్కు దంపతుల పరిశోధన ఏమి తెలిపింది?
3. కొప్పు, పూలజడ, జడకుచ్చులు, సవరం — వీటిని గురించి మీ అమ్మమ్మనో, నాయనమ్మనో అడిగి, ఐదు వాక్యాలు రాయండి.