పూడ్పించుకొనిన పంటి సంరక్షణ

పుచ్చిన పంటిని వైద్యుడు తొలిచి, శుభ్రపరచి, పూడ్చి పంపగానే పని ముగిసినదని పెక్కుమంది తలంతురు. నిజమునకు ఆ పూటనుండియే మన బాధ్యత మొదలగుచున్నది.

మొదటి ప్రమాదము తిమ్మిరి వలన. మత్తుసూది వేసినచో పెదవి, బుగ్గ, నాలుక రెండు మూడు గంటలు స్పర్శ నెరుగవు. ఆ వేళ భోజనము చేయువారు తమ బుగ్గను తామే కొరుకుకొందురు. వేడి కాఫీతో నోరు కాల్చుకొందురు. పిల్లలను మరింత కనిపెట్టి యుండవలెను. మొద్దుబారిన పెదవి వారికి వింతగా తోచును. నొప్పి తెలియదు గనుక దానిని నమలుచునే యుందురు. సాయంత్రమునకు పెదవి వాచి పుండుపడును.

ఏమి పెట్టి పూడ్చిరో వైద్యుని అడిగి తెలిసికొనుట మంచిది. వెండి, తగరము, రాగి కలిసిన పొడికి పాదరసము చేర్చి చేయు మిశ్రమము కొద్ది నిమిషములలో బిగిసినట్లు కనిపించినను, తగిన బలము వచ్చుటకు సుమారు 24 గంటలు పట్టును. అందాక రెండవ ప్రక్క నమలవలెను. పంటిరంగులో నుండు రెసిను నీలికాంతి సోకగానే గట్టిపడును గనుక అంత నిరీక్షణ అవసరము లేదు. తాత్కాలికముగా తొడిగిన క్యాపు సంగతి వేరు. దానిని నిలుపు సిమెంటు బలహీనముగనే యుండును. తరువాత ఊడదీయవలసినదే కదా! బెల్లపు జీళ్లు, ఖర్జూరము దానిని లాగివేయును. ఊడినచో పారవేయక, కడిగి, డబ్బాలో పెట్టి వైద్యుని వద్దకు కొనిపోవలెను.

చల్లని నీరు తగిలినపుడు జివ్వుమనుట కొన్నాళ్లు సహజము; అది క్రమముగా తగ్గవలెను. పళ్లు కలిపినపుడు ఆ పన్నే ముందుగా తగులుచున్నచో మాత్రము అలవాటగునులే యని ఊరకుండరాదు. వెంట్రుకవాసి ఎత్తు మిగిలినను నమిలినపుడెల్ల బరువు ఆ పంటిపైననే పడును. పన్ను సలుపును, పూడిక పగులవచ్చును. మరల వెళ్లినచో వైద్యుడు రంగుకాగితము కొరికించి, గుర్తుపడిన చోట అరగదీయును. కొద్ది నిమిషముల పని. రాత్రివేళ తనంతట తానే పుట్టు పోటు, వాపు, జ్వరము ఒక్కనాడైనను ఉపేక్షింపరానివి. లవంగతైలముతో నొప్పి కొంత అణగినను లోపలి నరము చెడుట ఆగదు. పదేపదే రాచినచో చిగురు కాలును.

పూడ్చిన పన్ను మరల పుచ్చదనుకొనుట పొరపాటు. పూడిక పుచ్చదు, దాని అంచుననున్న పన్ను పుచ్చును. మెత్తని బ్రష్షుతో, ఫ్లోరైడు గల పేస్టుతో రోజుకు రెండుమారులు, ముఖ్యముగా నిద్రకు ముందు, తోమవలెను. ఇటుకపొడి, బొగ్గుపొడి రెసినును గీరి మెరుగు పోగొట్టును. సందులలో గుండుసూది గ్రుచ్చరాదు. వక్కలు కొరుకుట గట్టి పంటికే మంచిది కాదు, ఇక పూడ్చిన పంటి మాట చెప్పనేల? వైద్యుడు చెప్పిన గడువునకు తప్పక చూపించుకొనవలెను. అంచు లేచిన చోటు మన యింటి అద్దములో కానరాదు.