ఒకరి నేల, ఒకరి కప్పు

నాచారం పారిశ్రామికవాడ చెంత అపార్ట్‌మెంట్లలో అద్దెకుండు మనకు నేల యైనది క్రింది వాటావారికి కప్పు. 2000 నాటి ధ్వని కాలుష్య నిబంధనలు రాత్రి 10 నుండి ఉదయము 6 వరకు రాత్రివేళగా నిర్ణయించి, నివాస ప్రాంతములకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్సు పరిమితి విధించినవి. కాని రాత్రి షిఫ్టు ముగించి వచ్చిన కార్మికునకు పగలే రాత్రి గదా! ఆ నిద్రను కాపాడవలసినది పొరుగువారి మన్ననయే.

కాంక్రీటు అదురును సులువుగా మోసికొనిపోవును. కనుక మిక్సీ క్రింద మందపు గుడ్డ పరచుదము. కుర్చీలను ఈడ్వక ఎత్తి జరుపుదము. రేడియోను గోడకు ఆనింపక, మన గదికి చాలినంతే వినిపింపజేయుదము. గోడకు మేకు కొట్టవలసివచ్చినచో, ముందుగా పొరుగువారి నిద్రవేళ అడిగి తెలిసికొందము. అద్దె పత్రములో వ్రాయకున్నను, ఇది మనము పాటింపవలసిన షరతే.