నీళ్ల రేటు ఎవరు కడతారు?

“కరెంటోళ్లు జనాన్ని అడిగి పెంచతారే, నీళ్లకు ఎవురడగతారు నాయినా?” బిందె కుళాయి కింద పెడుతూ మా అమ్మ అడిగింది. సరైన ప్రశ్న.

2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం, జనం అభ్యంతరాలు చూశాకే విద్యుత్ నియంత్రణ మండలి టారిఫ్ ఖరారు చేయాలి. మా దగ్గర కుళాయి చార్జీకి అలాంటి మండలి లేదు. రాష్ట్ర చట్టాలకు లోబడి పురపాలక కౌన్సిలే తేలుస్తుంది. మా తిరుపతికి నీళ్లు కల్యాణి డ్యాం నుంచీ, తెలుగుగంగ పథకంలోని కండలేరు నుంచీ రావాలి. దూరం నుంచి ఎత్తిపోసే నీళ్లకు మోటార్ల కరెంటు ఖర్చు తప్పదు. ఆ ఖర్చు ఎంతో, ఎవరెంత మోయాలో జనం ముందు చర్చించాల్సిందే.

నీళ్లకూ నియంత్రణ పెట్టొచ్చు; మహారాష్ట్ర 2005లోనే జలవనరుల నియంత్రణ చట్టం తెచ్చింది. మన దగ్గరా లెక్క తేలాలంటే, ఓటడగడానికొచ్చే కార్పొరేటర్ అభ్యర్థిని నీళ్ల లెక్క అడగండి.