పాకాల పిల్ల ఎవరెస్టు ఎక్కిన వైనం

నిజామాబాదు జిల్లా పాకాల గ్రామంలో వ్యవసాయ కూలీల ఇంట పుట్టిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కింది. అప్పటికి వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఆ శిఖరం చేరిన బాలికల్లో అంతకన్నా చిన్నది అంతవరకు లేదు.

సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివే ఈ గిరిజన బాలిక తాడు పట్టుకుని ఎక్కడం నేర్చింది భువనగిరి రాతిగుట్ట మీద. పిమ్మట డార్జిలింగులో, లడఖ్ చలిలో శిక్షణ. పదహారేళ్లు నిండనివారికి నేపాల్ అనుమతి లేదు గనుక టిబెట్ వైపు నుంచి ఎక్కవలసి వచ్చింది. ఆ ఏప్రిల్ 18నే నేపాల్ వైపు మంచు విరిగిపడి 16 మంది మరణించారు. అయినా పూర్ణ బృందం వెనుదిరగలేదు.

8,000 మీటర్లు దాటితే అందే ప్రాణవాయువు మైదానంలో దొరికేదానిలో మూడో వంతే. నాలుగడుగులకే ఆయాసం. పొట్లాల తిండి వాసనే ఆమెకు గిట్టలేదట. అంతకుముందు ఎక్కబోయి ప్రాణాలు విడిచినవారి దేహాలు దారి పక్కన మంచులో అలాగే పడి ఉంటాయి. వాటిని దాటుకుంటూనే పైకి పోవాలి. పెద్దవాళ్లకే గుండె జారే దారి అది.

ఖమ్మం జిల్లా విద్యార్థి ఆనంద్ కుమార్ కూడా అదే రోజు శిఖరం చేరాడు. పూర్ణ అక్కడితో ఆగలేదు. 2022 జూన్‌లో అమెరికాలోని డెనాలీ ఎక్కి, ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలన్నీ పూర్తి చేసింది.