‘మా’ మూటలో విత్తనక్కాయలు ఎన్ని?

2021 అక్టోబరు 10, ఆదివారం. ఆ రోజు తిరుపతిలో టీ అంగడి దగ్గర ఏ ఇద్దరు కుర్రాళ్లు కలిసినా ఒకటే మాట - ‘మా’ అధ్యక్షుడు ఎవరు? మంచు విష్ణువా, ప్రకాష్ రాజా? మనవాళ్లకి ఆ ఆరాటం సహజమే. మోహన్ బాబు సొంతూరు మోదుగులపాలెం శ్రీకాళహస్తి దగ్గరే గదా! విష్ణు నెగ్గారు, ఈలలు మోగాయి. ఆ గోలలో ఒక్క ప్రశ్న మాత్రం మరుగున పడింది. సంఘం డబ్బు సంగతేమిటి?

మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ 1993లో పుట్టింది. తొలి అధ్యక్షుడు చిరంజీవి. ఇది లాభాల కంపెనీ కాదు. సభ్యత్వ రుసుము, తారల స్టేజి కార్యక్రమాలు, దాతల చందాలు - ఇవే రాబడి. తారల వేడుక ఏటా జరగదు. వయసు మళ్లిన నటుడికి పొయ్యి మాత్రం రోజూ వెలగాలి! అందుకే అసలు బ్యాంకులో ఉండాలి, వడ్డీతో సాయం సాగాలి.

మన చిత్తూరు రైతుని చూడండి. ఎంత ఇబ్బంది వచ్చినా విత్తనక్కాయల మూట విప్పడు. విప్పాడా, తొలకరికి చేను బీడే!

తిరకాసు ఏమిటంటే, విప్పకపోయినా ఆ మూట చిక్కిపోతుంది. కోటి రూపాయలు ఉన్నాయనుకోండి. 1990ల నడుమ 12 శాతం వడ్డీ వస్తే నెలకి లక్ష. తలా 5 వేల చొప్పున 20 మందికి పింఛను. 2021లో 5 శాతం లెక్కన నెలకి 41 వేల చిల్లర. అంటే 8 మందికే! అసలు కదల్లేదు, 12 మంది మాత్రం వీధిన పడ్డారు.

ఆ ఎన్నికల్లో అందరి నోటా సొంత భవనమే. 70 లక్షల పైచిలుకు పెట్టి కొన్న పాత భవనాన్ని 30 లక్షల చిల్లరకే అమ్మేశారేమని మోహన్ బాబు బాహాటంగా అడిగారు. కొత్తది సొంత డబ్బుతో కట్టిస్తానన్నారు విష్ణు. భేష్! అయితే ఉచితంగా వచ్చిన భవనానికైనా పన్ను, కరెంటు బిల్లు, వాచ్‌మన్ జీతం తప్పవు మరి.

2020 మార్చిలో కరోనాతో షూటింగులు ఆగినప్పుడు, చిరంజీవి కోటి రూపాయలతో మొదలుపెట్టి ‘కరోనా క్రైసిస్ చారిటీ’ నడిపారు. అప్పటికప్పుడు చందాలు పోగుచేసి సినీ కార్మికుల ఇళ్లకి సరుకులు పంపారు. పెద్ద మనసే! కానీ ప్రతి కష్టానికీ ఒక హీరో పరుగెత్తి రావాలంటే ఎలా?

తమ్ముళ్లూ! ఈసారి ‘మా’ ఎన్నికలొస్తే ఈల వేసే ముందు అడగండి - అసలెంత, వడ్డీ ఎంత, రాబడి ఆగితే ఎన్ని నెలలు గడుస్తుంది? అన్నట్టు, కటౌట్‌కి చందా వసూలు చేసిన మీ అభిమాన సంఘం లెక్కలు గోడకి అంటించారా?