కుందేలు పిల్లకి ఏ పెల్లెట్లు?

చాదర్‌ఘాట్‌లో మా ఇంట్లో ఇప్పుడు మూడు నెలల కుందేలు పిల్ల ఉంది. పేరు బైట్ (సీఎస్ఈ వాళ్లం, ఇంకేం పెడతాం). దాంతోపాటు షాపతను ఒక కవర్ మేత చేతిలో పెట్టాడు. రంగురంగుల ముక్కలు, మొక్కజొన్న, పొద్దుతిరుగుడు గింజలు. చూడ్డానికి మిక్చర్ పొట్లంలా భలే ఉంది. కానీ కుందేలు నచ్చినవి ఏరుకుని తినేసి, పీచున్నవి వదిలేస్తుంది. అన్నీ ఒకేలా ఉండే పెల్లెట్లే నయం.

ప్యాకెట్ వెనక్కి తిప్పి ముందు పీచు శాతం చూడండి. 18 కంటే తక్కువుంటే పక్కన పెట్టేయండి. కుందేలు పేగుల్ని కదిలించేది పీచే. అవి ఆగిపోతే గ్యాస్ పట్టి ప్రాణం మీదికొస్తుంది. 12 గంటలు ఏమీ తినలేదంటే, రేపు చూద్దాంలే అనకుండా డాక్టర్ దగ్గరికి పరిగెత్తాల్సిందే.

పిల్లలకి అల్ఫాల్ఫా పెల్లెట్లు. ఇంత స్టైలిష్ పేరున్న ఆ గడ్డి మన పాడిరైతులు గేదెలకి వేసే లూసర్నే! ప్రొటీన్, కాల్షియం ఎక్కువ కాబట్టి ఎదిగే ఒంటికి మంచిది. ఆరేడు నెలలు దాటాక అదే కాల్షియం మూత్రంలో ఇసుకలా పేరుకునే ప్రమాదముంది. అప్పుడు తిమోతి గడ్డి పెల్లెట్లకి మార్చాలి, అదీ ఒక్కసారిగా కాదు, పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెం కలుపుతూ వారం పది రోజుల్లో. పెద్దదానికి కిలో బరువుకి రోజుకి 25 గ్రాములు చాలు.

ఫారాల వాళ్లు వాడే సంచి మేత చవకే, కానీ అది మాంసం కోసం త్వరగా బరువెక్కించడానికి తయారుచేసింది.

ఏ పెల్లెట్ కొన్నా ఎండుగడ్డి మాత్రం రోజంతా ముందుండాలి. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలితేనే అరుగుతాయి, పెల్లెట్ నోట్లో పడగానే పొడైపోతుంది.